గాజుపలక మీద రాజలక్ష్మి

"నా చీరలు మేడమీదికి ఎవరు మోసినారు అత్తా?"

అలివేలు వంటింటి గుమ్మంలో నిలబడి అడిగింది. గొంతు పెంచలేదు. ఆస్పత్రి నుంచి వచ్చి ఇంకా చేతిసంచీ కూడా కింద పెట్టలేదు.

వాసవాంబ పాలగిన్నె దించుతూ కోడలి వైపు తిరగలేదు. "నేనే. రాజి మెట్లెక్కి దిగలేదు. పచ్చిగాయం. మీ రూములో ఫ్యాను ఉండాది, గాలి బాగా తగుల్తాది. పుండు మానేదాకా మీరిద్దరూ పైన పడుకోండి. అంత మాత్రానికి ఏమైపోతాది?"

"పడుకునేదానికి నా మంచమే దొరికిందా?"

"మంచం మీద పేరు రాసి ఉండాదా అమ్మాయి?"

పేరు రాసి లేదు. కానీ అది అలివేలు డాక్టరుగా చేరిన కొత్తలో మూర్ మార్కెట్టులో ఏరి కొనుక్కున్న టేకుమంచం. ఇప్పుడు దాని మీద రాజలక్ష్మి ఎడమ రొమ్ముకి కట్టుతో, కళ్లు మూసుకుని పడుకుని ఉంది. అలివేలు తలగడే తల కింద పెట్టుకుని ఉంది.

రాజలక్ష్మి ఈ ఇంటికి పరాయిది కాదు. వాసవాంబకు అన్న కూతురు. కోదండరాంకి మేనమామ కూతురు. ఒకప్పుడు ఈ ఇంటి కోడలిగా రావలసిన పిల్ల. జాతకాలు కలవక ఆ మాట తప్పిపోతే, ఆ ఖాళీలోకి అలివేలు వచ్చింది. రాజలక్ష్మిని చిత్తూరులో ఇచ్చారు. ఆ మొగుడు ఇంకొకామెతో కాపురం పెట్టుకున్నాక ఆమె నెల్లూరులో తండ్రి పంచన చేరింది. వలల దారం, తాళ్ల వ్యాపారం మీద కోదండరాం తరచుగా ఆ పక్కకి వెళ్తుంటాడు. పోయిన పక్షం అట్లా వెళ్లినవాడు, వచ్చేటప్పుడు రాజలక్ష్మిని వెంటబెట్టుకుని వచ్చాడు. "రాజికి రొమ్ములో గడ్డ ఉండాదంట. మీ ఆస్పత్రిలో చూపించాల" అన్నాడు గుమ్మంలోనే.

చూపించారు. డాక్టర్ బాలకృష్ణన్ గడ్డను మొత్తంగా కోసి తీశాడు. తీసిన గడ్డ ఫార్మలిన్ సీసాలో మునిగి, కోసిన గడ్డలన్నీ ఎక్కడికి చేరతాయో అక్కడికే చేరింది. అలివేలు బల్ల మీదికి. ఆ ఆస్పత్రిలో పెథాలజిస్టు ఆమె ఒక్కతే.

వీధి తలుపు చప్పుడైంది. కోదండరాం చేతిలో హార్లిక్సు సీసాతో లోపలికి వచ్చాడు. దీపాలు పెట్టే వేళకి ఆయన ఇంట్లో కనబడటం, పెళ్లయి ఇన్నేళ్లకి అలివేలు ఈ వారమే చూస్తున్నది. రాయపురంలో ఆయన అంగట్లో సరుకు దిగే వేళ అది.

"ఏమొచ్చింది రిపోర్టు?" అదే ఆయన మొదటి మాట.

"ఇంకా రాలేదు."

"నిన్ననే వస్తాదంటివే."

"దాన్ని మైనంలో పోసి, పల్చగా కోసి, రంగేసి చూడాల. దోసె కాదు, పోసిన వెంటనే తిప్పేదానికి."

వాసవాంబ పాలగ్లాసు పట్టుకుని ఇద్దరి మధ్యనుంచీ నడిచి గదిలోకి వెళ్లిపోయింది. "లే తల్లీ, వేడిగా ఉండాది, మెల్లగా తాగు" అనే మాటలు బయటికి వినబడ్డాయి. ఆ గొంతులోని మెత్తదనం అలివేలు ఈ ఇంట్లో ఎన్నడూ ఎరగదు.

తనకు టైఫాయిడ్ వచ్చినప్పుడు కోదండరాం గుమాస్తాతో బత్తాయిలు పంపాడు. అత్త గుమ్మం అవతల నిలబడి "ఎట్లుండాది?" అని అడిగి పోయేది. అప్పట్లో అలివేలు తప్పు పట్టలేదు. వ్యాపారం చేసే మగవాళ్లంతా అంతేనని, అత్తలంతా అంతేనని సరిపెట్టుకుంది. వాళ్లకి వేరే తీరు కూడా చాతనవుతుందని ఇప్పుడు తెలుస్తున్నది.

మేడ మెట్లెక్కుతుంటే కోదండరాం వెనకే వచ్చాడు. వరండాలో నులకమంచం మీద ఆమె చీరలు కుప్పగా ఉన్నాయి. ఆమె ఒక్కొక్కటీ మడత పెట్టసాగింది.

"అలివేలూ, ఒక మాట."

"చెప్పండి."

"ఆ గడ్డను నువ్వే చూడాల్నా? ఇంకొక డాక్టరు ఎవరైనా చూడకూడదా?"

చేతిలోని చీర మడత సగంలో ఆగింది. "ఏం, నేను చూస్తే ఏమి?"

"ఏం లేదు. సుమ్మా అడిగినా."

"ఊరికే అడిగే మాటా అది?"

ఆయన పిట్టగోడ మీద చేతులానించి రేవు వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆమె మిగిలిన చీరలన్నీ మడిచింది. ఇద్దరిలో ఒకరైనా మాట్లాడితే పోట్లాటైనా అయ్యేది. కాలేదు.

మర్నాడు పొద్దున కట్టు మార్చవలసి వచ్చింది. డాక్టరు ఇంట్లోనే ఉండగా నర్సు ఎందుకని వాసవాంబ తేల్చేసింది. అలివేలు గది తలుపు వేసి, రాజలక్ష్మి పక్కన కూర్చుంది.

గాయం శుభ్రంగా ఉంది. బాలకృష్ణన్ చేతిపని చక్కగా ఉంటుంది. గీత సన్నగా, వంపు వెంబడి సాగింది. మచ్చ కూడా కనబడకుండా మానిపోతుంది. చూడకూడదనుకుంటూనే అలివేలు చూసింది. తనకన్నా రెండేళ్లే చిన్న. బిడ్డలు లేరు, సరైన కాపురమూ లేదు. ఒళ్లు మాత్రం కట్టు విడని మొగ్గలా ఉంది. కొత్త దూది అద్దుతున్న వేళ్లు కాస్త గట్టిగా నొక్కాయేమో, రాజలక్ష్మి పెదవి కొరుక్కుంది.

"నొచ్చిందా?"

"లేదక్కా." మళ్లీ ఆమే అడిగింది. "చెడ్డదైతే మొత్తం తీసేస్తారంట కదా?"

"ఎవరు చెప్పినారు?"

"ఆస్పత్రిలో పక్క మంచం ఆమె. ఆమెకి తీసేసినారు. చెయ్యి పైకెత్తలేకుండా ఉండాది." రాజలక్ష్మి కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ జారనివ్వలేదు. "ఇది కూడా పోతే ఇంక నా దగ్గర ఏముండాదక్కా? బావ ధైర్యం చెప్పినాడు. అంతా అక్క చేతిలో ఉండాది, అక్క చూసుకుంటాదని."

"నా చేతిలో ఏం లేదు" అంది అలివేలు, కట్టు ముడి వేస్తూ. "ఉన్నది ఉన్నట్టు చెప్పడమే నా పని."

బస్సులో కూర్చున్నాక ఆ మాట తలుచుకుంది. పెద్ద మాటే అనేసింది. నిజమో కాదో ఇంకా తెలియదు.

టెక్నీషియను స్లైడ్లు అట్టపెట్టెలో పెట్టి బల్ల మీద ఉంచాడు. గాజుపలక మీద గోరంత ముక్క, గులాబీ, ఊదా రంగుల్లో. అలివేలు మైక్రోస్కోపు కింద పెట్టి కన్ను ఆనించింది.

రక్తనాళాలు. చూపు పట్టినంత మేరా సన్నసన్నని రక్తనాళాలు, ఒకదాన్నొకటి తోసుకుంటూ కిక్కిరిసి ఉన్నాయి. మధ్యమధ్య కొవ్వు కణాలు తెల్లటి బుడగల్లాగా. ఒకచోట నాళాల సందుల్లో కోలగా ఉన్న కణాలు మరీ దట్టంగా ముసిరి ఉన్నాయి. ఆమె అద్దం మార్చి దగ్గరగా చూసింది.

ఆమెకు పాఠం చెప్పిన జనార్దనం గారు ఒక మాట చెప్పేవారు. రొమ్ములో రక్తనాళాల గడ్డ చేతికి తగిలేంత పెరిగిందంటే, మంచిదని రుజువయ్యేదాకా దాన్ని చెడ్డదనే అనుకోవాలి. పైకి సాధువులాగా కనబడి లోపల ప్రాణం తీసే క్యాన్సరు జాతి ఒకటి ఉంది, సార్కోమా. దాన్ని మంచిదనుకుని వదిలేసిన డాక్టర్లు తర్వాత తలలు బాదుకున్నారు.

తలుపు తోసుకుని బాలకృష్ణన్ వచ్చాడు. ఆపరేషన్ బట్టల్లోనే ఉన్నాడు.

"మీ చుట్టాలావిడది చూశారా?" అన్నాడు తమిళంలో.

"చూస్తున్నాను. రక్తనాళాలు ఎక్కువగా ఉన్నాయి. ఒకచోట నచ్చలేదు."

"సార్కోమానా?"

"కాదని చెప్పలేను. అవునని కూడా చెప్పలేను."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చెడ్డ మనిషి కాదు. రోగి బతకాలనే ఆయన ఆరాటం. "కాదని చెప్పలేమని రాయండి, నాకంతే చాలు. రొమ్ము మొత్తం తీసేస్తాను. ఎదురుచూసి ప్రాణం మీదికి తెచ్చుకోవడం కంటే అది మేలు కదా. ఈ వారమే పెట్టుకుందాం."

"రేపు చెప్తాను" అంది అలివేలు.

ఆయన వెళ్లిపోయాక ఆమె చాలాసేపు మైక్రోస్కోపు ముట్టుకోలేదు.

అబద్ధం రాయనక్కరలేదు. ఆమెను భయపెట్టింది అదే. కాదని చెప్పలేనన్నది నిజమే. ఆ నిజాన్ని కాగితం మీద పెట్టి చేతులు కడుక్కుంటే పుస్తకాలు తన పక్షమే, గురువు మాట తన పక్షమే. ఎవరూ వేలెత్తి చూపరు. బాలకృష్ణన్ కత్తి పడుతుంది. గదిలో టేకుమంచం మీద పడుకున్న మనిషి ఒక పక్క చదునుగా, చెయ్యి పైకెత్తలేకుండా నెల్లూరు బస్సు ఎక్కుతుంది. కోదండరాం ఇంక ఆమెను ఏ కళ్లతో చూస్తాడు?

ఆ బొమ్మ కళ్లముందు కదిలినప్పుడు లోపలెక్కడో చల్లగా తగిలింది. సంతోషం అనడానికి నోరు రాలేదు గానీ, దుఃఖం మాత్రం కాదు. ఆ చల్లదనాన్ని పట్టుకుని అలివేలు తనను తాను చూసుకుంది. ఎప్పుడూ చూడని మనిషిలాగా కనబడింది.

లేచి అలమర తీసింది. సీసాలో మిగిలిన గడ్డ ముక్కలు ఉన్నాయి. మొదటిరోజు ఇంటి చికాకుతోనే వచ్చి, ఇవి చాల్లెమ్మని నడిమధ్య ముక్కలు మాత్రమే తీసుకుంది. అంచు తీసుకోలేదు. తొందరపడింది. ఆ తొందర ఊరికే వచ్చిందా అన్న సంగతి ఆలోచించదలుచుకోలేదు. చేతికి తొడుగు వేసుకుని, గడ్డను బయటికి తీసి, చుట్టూ అంచుల వెంబడి కోసింది. అన్నీ మైనంలో పోయమని టెక్నీషియనుకు ఇచ్చింది.

ఇంటికి వెళ్లి, ఇంకా కొన్ని ముక్కలు చూడాలని చెప్పింది. కోదండరాం ముఖం నల్లబడింది.

"ఎందుకు లాగుతా ఉండావు అలివేలూ? మనిషి ఈడ నలిగిపోతా ఉండాది."

"మనిషి కోసమే లాగుతా ఉండాను."

"నీకు ఆ పిల్ల ఈ ఇంట్లో ఉండేది ఇష్టం లేదని నాకు తెలీదా?"

"తెలుసుగదా. మరి తెలిసీ తీసుకొచ్చినారు."

వాసవాంబ చాటలో బియ్యం ఏరుతూ అంతా విన్నది. ఏరిన రాయి ఒకటి తీసి గుమ్మం అవతలికి విసిరింది.

కొత్త స్లైడ్లు వచ్చాయి. మొదటిదే అంచు. గడ్డ చుట్టూ సన్నటి పొర, తెగకుండా, గోడలాగా కట్టుకుని ఉంది. రక్తనాళాలు ఆ గోడ దాటి పక్కనున్న రొమ్ము కండలోకి చొరబడలేదు. నాళాలకు లోపలివైపు పరిచినట్టున్న కణాలు పల్చగా, బుద్ధిగా ఉన్నాయి. అంచు దగ్గర నాళాల్లో ఎర్రగా, నున్నగా, చిన్నచిన్న ముద్దలు. గడ్డకట్టిన రక్తపు పోగు. ఆమె మళ్లీ నడిమి ముక్క పెట్టి ముసిరిన చోటును చూసింది. నిన్న క్రూరంగా కనబడిన కణాలు ఇవాళ అట్లా కనబడలేదు.

ఆమెకు ఇంకో భయం పట్టుకుంది. నిన్న కసితో చూసిన కన్నే ఇవాళ కసి లేదని నిరూపించుకోవడానికి మంచిగా చూస్తున్నదేమో. ఏ కన్ను నమ్మాలి?

స్లైడ్ల పెట్టెను చేతిరుమాల్లో చుట్టి మాధవరం బస్సెక్కింది.

జనార్దనం గారు ఉద్యోగం మానుకుని పాల కాలనీ దగ్గర చిన్న ఇల్లు కట్టుకున్నారు. కిటికీ పక్కన పాత మైక్రోస్కోపు ఒకటి ఇంకా ఉంది. అలివేలు రోగి పేరేమీ చెప్పకుండా పెట్టె చేతికిచ్చింది. ఆయన ఒక్కొక్కటే పెట్టి చూశారు. ఆయన భార్య మజ్జిగ తెచ్చిపెట్టి పోయింది. ఆయన గ్లాసు ముట్టుకోలేదు.

"మొదట నడిమధ్య ముక్క ఒక్కటే చూసి భయపడినావు. అవునా?"

"అవును సార్."

"ఎవరైనా భయపడతారు. అంచు ఎవరు కోయమన్నారు?"

"ఎవరూ అన్లేదు."

"ఈ ఎర్రటి ముద్దలు చూసినావా?"

"చూసినాను. ఫైబ్రిన్."

"పొర చూసినావు, ముద్దలు చూసినావు. ఇది ఆంజియోలైపోమా. కొవ్వుగడ్డే, కాకపోతే రక్తనాళాలు ఎక్కువ. తీసేసినారు, అయిపోయింది. నీకే తెలిసినదాన్ని బస్సులో ఇంతదూరం ఎందుకు మోసుకొచ్చినావమ్మా?"

అలివేలు స్లైడ్లను ఒక్కొక్కటే పెట్టెలో సర్దసాగింది.

"ఎవరిది?"

"మా ఇంట్లో ఉండే మనిషిది."

"నీకు కావలసిన మనిషా?"

"కాదు సార్."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "అట్లయితే మొదటిరోజే నా దగ్గరికి పంపించి ఉండాల. కావలసినవాళ్లయినా, కానివాళ్లయినా, సొంత ఇంటి గడ్డను సొంతంగా చూడకూడదు. ఇంకొకసారి ఈ పని చెయ్యబాక." ఆ మందలింపు ఆమెకు చల్లటి నీళ్లు తాగినట్టుంది. ఎవరైనా మందలించాలనే వచ్చిందేమో.

ఆస్పత్రికి ఫోన్ చేసి బాలకృష్ణన్‌కు చెప్పింది. ఆయన కాసేపు వాదించి, జనార్దనం గారి పేరు విన్నాక తగ్గాడు. బస్సులో తిరిగి వస్తుంటే ఒళ్లు తేలిగ్గా ఉంది. రాజలక్ష్మి అంటే ఇష్టం పుట్టిందని కాదు. కుట్లు విప్పగానే ఆమె నెల్లూరు వెళ్లిపోతుంది, నిండుగా వెళ్తుంది, ఆమె మీద కోపం మాత్రం తనకి మిగిలి ఉంటుంది. ఆ కోపం ఇప్పుడు శుభ్రంగా ఉంది. దాన్ని ఎవరి ముందైనా పెట్టవచ్చు.

ఇంట్లో అందరూ ఆ గదిలోనే ఉన్నారు. రాజలక్ష్మి మంచం మీద కూర్చుని ఉంది. వాసవాంబ కాఫీ గ్లాసులు పళ్లెంలో పెట్టుకుని నిలబడింది. కోదండరాం కిటికీ దగ్గర.

"మంచి గడ్డే" అంది అలివేలు. "కొవ్వు, రక్తనాళాలు కలిసి పెరిగిన గడ్డ. క్యాన్సరు కాదు. మొత్తం వచ్చేసింది. ఇంక ఏమీ కోయక్కరలేదు."

రాజలక్ష్మి రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. వాసవాంబ పళ్లెం కింద పెట్టి, గోడ మీది వెంకటేశ్వరుడి పటానికి దండం పెట్టి, కోడలి దగ్గరికి వచ్చి గడ్డం పట్టుకుంది. "నా తల్లే, నీ కడుపు చల్లగుండ" అంది. ఈ ఇంట్లో ఆ మాట అలివేలుకు దక్కడం మొదటిసారి.

కోదండరాం మంచం కొసన కూలబడ్డాడు. తువ్వాలతో కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. ఇన్నిరోజుల బిగువూ ఒక్కసారి సడలి, మాటలు వాటంతట అవే దొర్లుతున్నాయి.

"నేనప్పుడే చెప్పలా రాజీ? మెత్తగా ఉండాది, వేలితో నొక్కితే పక్కకి జారతా ఉండాది, చెడ్డదైతే రాయి మాదిరి ఉంటాదని. మొట్టమొదట చేతికి తగిలిన దినమే నేను..."

ఆగిపోయాడు.

పైన ఫ్యాను తిరుగుతోంది. రాజలక్ష్మి ముఖం మీది చేతులు తియ్యలేదు, కానీ ఏడుపు ఆగిపోయింది. బాలకృష్ణన్ పరీక్ష చేసినప్పుడు తెర లోపల పక్కన అలివేలు ఒక్కతే ఉంది. కోదండరాం బయట బెంచీ మీద కూర్చున్నాడు. నెల్లూరునుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఈ ఇంట్లో ఆ గడ్డను తాకిన చేతులు ఎవరెవరివో ఆమెకు తెలుసు. వాటిలో ఆయన చేతులు లేవు.

"డాక్టరు... డాక్టరు చెప్పినాడు, జారే గడ్డని" అన్నాడు కోదండరాం.

అలివేలు అత్త ముఖం చూసింది. అందులో ఆశ్చర్యం కోసం వెతికింది. దొరకలేదు. వాసవాంబ చెయ్యి ఇంకా కోడలి గడ్డం కిందే ఉంది. ఆ వేళ్లు మెల్లగా జారిపోయాయి.

"ఎన్నాళ్లనుంచి?" అలివేలు భర్తను అడిగింది.

ఆయన తువ్వాలు మడత పెట్టసాగాడు.

వాసవాంబ వెళ్లి గది తలుపు దగ్గరగా వేసింది. వెనక్కి వచ్చి, కొడుక్కీ కోడలికీ మధ్య నిలబడింది.

"వాణ్ణి అడగబాక అమ్మాయి" అంది. "నన్నడుగు."